చాయ్ అనే మాట – దాని దేశాటనం

ఒక వస్తువు ఒక దేశం నుండి మరొక దేశానికి పోయేటప్పుడు తరచుగా తన పేరును కూడ వెంట తీసుకొనిపోతుంది. వస్తువు వచ్చిన దారి కాలక్రమాన మరుగున పడవచ్చును. దానిని మోసుకొనివచ్చిన వర్తకుల పేర్లు ఎక్కడా మిగలక పోవచ్చును. కాని ఆ మాటలోని ధ్వనులు ఆ ప్రయాణాన్ని గుర్తుపెట్టుకొని ఉంటాయి. ఇందుకు చక్కని ఉదాహరణ మనం ప్రతిదినం త్రాగే తేనీరు.

హైదరాబాదు నగరంలో బషీర్‌బాగ్ నుండి ఆబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషను వరకు నడిచిపోయే వారికి ఈ పానీయం మూడు పేర్లతో వినబడుతుంది, కనబడుతుంది. ఇరానీ హోటళ్ళలో అది ‘చాయ్’. కోస్తా జిల్లాల నుండి వచ్చిన వారి నోట అది ‘టీ’. పుస్తకాలలో, పత్రికలలో అది ‘తేనీరు’. ఈ మూడింటిని గురించి మూడు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. చాయ్ ఉర్దూ మాట అనీ, టీ ఇంగ్లీషు మాట అనీ, తేనీరు తేనెవంటి నీరు గనుక అచ్చతెలుగు మాట అనీ పలువురు అనుకొంటారు. చాయ్‌ను సంస్కృతంలోని ‘ఛాయ’తో ముడిపెట్టి, రంగు గల నీరు కనుక ఆ పేరు వచ్చినదని చెప్పేవారు కూడ ఉన్నారు. శాస్త్రదృష్టితో పరిశీలిస్తే వీటిలో ఏదీ నిలువదు. మూడు మాటలకూ మూలం ఒక్కటే. అది చీనా భాష.

ఒకే మాట, రెండు ఉచ్చారణలు

చీనా లిపిలో తేయాకుకు ఒకే అక్షరం ఉన్నది. అయితే చీనాలోని ప్రాంతీయ భాషలు దానిని వేరువేరుగా పలుకుతాయి. ఉత్తరాది వారు, కాంటను వారు ‘చా’ అంటారు. ఆగ్నేయ తీరంలోని అమోయ్ రేవు ప్రాంతం వారు ‘తే’ అంటారు. ఇవి రెండు వేరు మాటలు కావు. ప్రాచీన కాలంలో ఆ మాట మొదట తకార దకారాల వంటి ధ్వని ఉండేది. తీరప్రాంతపు భాషలో అది తకారంగా మిగిలినది. మిగిలిన ప్రాంతాలలో అది క్రమంగా చకారంగా మారినది. ఇటువంటి మార్పు మనకు క్రొత్త కాదు. సంస్కృతంలోని ‘సత్యం’ ప్రాకృతంలో ‘సచ్చ’ అయి హిందీలో ‘సచ్’ అయినది. ‘నృత్యం’ ‘నచ్చ’ అయి ‘నాచ్’ అయినది. త్యకారం చకారం కావడానికి నాలుక చేసే పని ఎటువంటిదో, చీనా భాషలో జరిగినది కూడ ఇంచుమించు అటువంటిదే.

ప్రపంచ భాషల లక్షణాలను పటాలపై గుర్తించిన ఒక గ్రంథం 2005లో వెలువడినది. అందులో 230 భాషలలో తేయాకు పేరును పరిశీలించారు. వాటిలో 109 భాషలు ‘చా’ నుండి, 84 భాషలు ‘తే’ నుండి ఆ పేరును తీసుకొన్నవి. మిగిలిన 37 భాషలలో మాత్రమే వేరే మూలం గల పేర్లు ఉన్నాయి. ఒక మొక్క పేరు ఇంతగా ప్రపంచమంతటా ఒకే ఇంటిపేరు నిలుపుకొనడం అరుదు.

భూమార్గంలో పోయిన పేరు చా అనీ, సముద్రమార్గంలో పోయిన పేరు తే అనీ ఒక సూత్రం చెప్పుతూ ఉంటారు. స్థూలంగా ఇది నిజమే. కాని దీనిని గుడ్డిగా పట్టుకొనరాదు. పోర్చుగీసువారు ఓడలలోనే వర్తకం చేశారు. అయినను వారు మకావు రేవులో విన్న ‘షా’ను తీసుకొనిపోయారు. సముద్రతీరాన ఉన్న కేరళలో మలయాళులు ‘చాయ’ అంటారు. కనుక ముఖ్యమైనది మార్గం మాత్రమే కాదు, ఏ రేవులో, ఏ సంతలో ఎవరి నోటినుండి ఆ మాట విన్నారన్నదే.

గుర్రాలకు బదులు తేయాకు

చా అనే మాట ఉత్తరానికి, పడమటికి పోవడానికి గుర్రాలు కారణమన్నా తప్పులేదు. చీనా సైన్యానికి మేలైన గుర్రాలు కావాలి. అవి గడ్డిమైదానాలలో ఉన్న మంగోలు, తుర్కీ జాతుల వద్ద ఉన్నవి. ఆ సంచారజాతుల ఆహారం మాంసం, పాలు, వెన్న. వారికి తేయాకు ఇష్టమైన పానీయం అయినది. క్రీ.శ. 8వ శతాబ్దంలోనే ఉయిగుర్ జాతివారు గుర్రాలను తోలుకొని వచ్చి తేయాకు కొనుక్కొని పోయేవారని ఆనాటి చీనా రచయిత ఒకరు వ్రాశాడు. ఈ ఉయిగుర్లు తుర్కీ భాష మాట్లాడేవారు. సోంగ్ వంశపు ప్రభుత్వం 1074లో సిచువాన్ ప్రాంతంలో తేయాకు–గుర్రాల వ్యాపారం కొరకు ప్రత్యేకంగా ఒక కార్యాలయాన్నే స్థాపించినది.

దూరప్రయాణానికి విడి ఆకు పనికిరాదు. అందుచేత ఆకును ఆవిరిపట్టి, అచ్చులలో బిగించి, ఇటుకల వలె చేసేవారు. ఈ తేయాకు ఇటుకలు మంగోలియాలోను, సైబీరియాలోను నాణేలకు బదులుగా కూడ చెల్లినవి. ఇటుక నుండి ముక్క విరిచి, నీటిలో కాచి, పాలు, ఉప్పు కలిపి త్రాగడం మంగోలుల ఆచారం. దీనిని వారు ‘సూతేయ్ ౘాయ్’ అంటారు. ‘సూ’ అనగా పాలు. మన నాలుకకు ఉప్పు చాయ్ వింతగా తోచవచ్చును గాని, ఆ చలిదేశంలో అతిథికి మొదట అందించేది అదే.

రష్యావారికి ఈ పానీయం పరిచయమైన విధం ఆసక్తికరమైనది. 1638లో స్టార్కొవ్ అనే రాయబారి పశ్చిమ మంగోలియాలోని అల్తిన్ ఖాను కొలువుకు వెళ్ళాడు. ఖాను జారు చక్రవర్తికి కానుకగా నాలుగు పూడుల, అనగా సుమారు 65 కిలోగ్రాముల తేయాకు ఇచ్చాడు. ఎండుటాకులను మోసుకొనిపోవడానికి రాయబారికి మొదట మనసొప్పలేదని చెప్పుతారు. తరువాత రష్యా ప్రజలకు ‘చాయ్’ నిత్యావసరమైనది. 1727లో జరిగిన క్యాఖ్తా ఒడంబడికతో ఆ సరిహద్దు పట్టణం తేయాకు వర్తకానికి పెద్ద ద్వారమైనది.

అదే 1638వ సంవత్సరంలో మాండెల్‌స్లో అనే జర్మను యాత్రికుడు మన సూరత్ రేవులో దిగి, అక్కడి వారు తేయాకు కషాయం త్రాగడం చూచాడు. అతడు దానిని ‘తే’ అని వ్రాశాడు. ఒకే ఏట మంగోలియా మంచులో చాయ్, అరేబియా సముద్రతీరంలో తే!

చివరి యకారం ఎక్కడిది?

చీనా మాట ‘చా’ మాత్రమే. జపాను, కొరియా, బెంగాలీ భాషలలోను చివర యకారం లేదు. కాని పారశీకం, తుర్కీ, మంగోలు, రష్యన్, హిందీ భాషలలో ‘చాయ్’ అని యకారం చేరినది. దీనికి రెండు సమాధానాలు చెప్పుతారు. చీనాలో తేయాకును ‘చా–యె’ అంటారు. యె అనగా ఆకు. ఆ సమాసమే కుదించుకొనిపోయి చాయ్ అయినదని ఒక వాదం. పారశీక భాషాస్వభావమే దీనికి కారణమని రెండవ వాదం. ఆ భాషలో దీర్ఘమైన ఆకారంతో ముగిసే మాటలకు చివర యకారం చేరడం కలదు. పాదానికి ‘పా’ అనీ ‘పాయ్’ అనీ రెండు రూపాలు ఉన్నాయి. మనం ఎరిగిన ‘పైజామా’ ఈ పాయ్‌కి జామా చేరి ఏర్పడినదే. కాళ్ళకు తొడిగే వస్త్రమని అర్థం.

యకారం ఎట్లా వచ్చినా, 16వ శతాబ్దం నాటికి అది స్థిరపడి ఉన్నదనడానికి సాక్ష్యం కలదు. వెనిస్ నగరంలో రముసియో అనే పండితుడు 1559లో ప్రచురించిన యాత్రాగ్రంథంలో, ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతపు వర్తకుడు హాజీ మహమ్మదు తనకు చెప్పిన సంగతులు వ్రాశాడు. వాటిలో ‘చాయ్ కతాయ్’ అనే మాట ఉన్నది. ఐరోపాలో తేయాకును గూర్చి అచ్చయిన తొలి ప్రస్తావనలలో ఇది ఒకటి. ఖతాయ్ అనగా ఉత్తర చీనా. మంగోలులకు బంధువులైన ఖితాన్ జాతి ఆ దేశాన్ని ఏలినందున ఆ పేరు వచ్చినది. హైదరాబాదు బేకరీలలో అమ్మే ‘నాన్‌ఖతాయి’ బిస్కట్టు పేరులో ఉన్నది కూడ ఈ ఖతాయ్ అనే సాధారణంగా చెప్పుతారు.

ధ్వని సూత్రం చెప్పే సాక్ష్యం

ఇక భాషాశాస్త్రానికి ఎంతో ప్రియమైన విషయానికి వద్దాము. మంగోలు, తుర్కీ భాషలలో ఈ మాట ఒకే తీరుగా లేదు.

ప్రాచీన మంగోలు లిపిలో ఇది ‘చాయ్’. నేటి మంగోలియా రాజభాషయైన ఖల్ఖాలో ‘ౘాయ్’. బైకాల్ సరస్సు ప్రాంతపు బుర్యాతు భాషలో ‘సాయ్’. ఇది ఈ ఒక్క మాటకు పట్టిన మార్పు కాదు. తెలుపు అనే అర్థం గల పాత ‘చగాన్’ ఖల్ఖాలో ‘ౘగాన్’, బుర్యాతులో ‘సగాన్’ అయినది. అనగా పాత చకారం ఒక పద్ధతి ప్రకారం ఒకచోట ౘకారం, మరొకచోట సకారం అయినది. చీనా నుండి వచ్చిన పరాయి మాట కూడ ఇంటి మాటలతో పాటు ఈ మార్పుకు లోబడినది.

తుర్కీ భాషలలోను ఇట్లే ఉన్నది. టర్కీ, అజర్‌బైజాన్, కిర్గిజ్, ఉయిగుర్ భాషలలో ‘చాయ్’. పొరుగున ఉన్న తాజిక్ పారశీకం వలెనే ఉజ్బెక్‌లో ‘చోయ్’. తాతారులో ‘చ్యాయ్’. కజాఖులో ‘షాయ్’. బష్కీరులో ‘స్యాయ్’. ఈ భేదానికి కూడ సూత్రమున్నది. మూడు అనే సంఖ్యను టర్కీ భాషలో ‘ఉచ్’ అనీ, కజాఖులో ‘ఉష్’ అనీ, బష్కీరులో ‘ఓస్’ అనీ అంటారు. చకారం కజాఖులో షకారం, బష్కీరులో సకారం అయినది. తేయాకు పేరు కూడ అదే దారిని పట్టినది.

సైబీరియాలోని యాకూతు భాష దీనికి భిన్నంగా ఉన్నది. ఆ భాషలో మూడుకు ‘ఉస్’ అంటారు. కనుక పాత చకారం అక్కడ కూడ సకారమైనది. కాని తేయాకు పేరు మాత్రం ‘చేయ్’! సూత్రం ఎందుకు పనిచేయలేదు? ఆ మార్పు జరిగిపోయిన తరువాత, రష్యన్‌ల వలన ఆ మాట వారికి అందినది గనుక. రాతిపొరలలో ఏ పొరలో ఏ శిల ఉన్నదో చూచి భూగర్భశాస్త్రజ్ఞుడు కాలాన్ని నిర్ణయించినట్లు, ధ్వని సూత్రానికి లోబడినదా లేదా అని చూచి భాషాశాస్త్రజ్ఞుడు ఎరువు మాట కాలాన్ని అంచనా వేస్తాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. టర్కీ, అజర్‌బైజాన్ భాషలలో ‘చాయ్’ అనే మరొక మాట ఉన్నది. దానికి ఏరు అని అర్థం. అది వారి సొంత మాట. నీటికి సంబంధించినదే గనుక తేనీటి పేరు దానినుండి పుట్టినదని అనుకొంటే పొరపాటు. మన ఛాయకు చాయ్‌తో ఎంత సంబంధమో, వారి ఏటికి కూడ అంతే. ధ్వని సామ్యం ఒక్కటే చుట్టరికానికి ఋజువు కాదు.

తెలుగు చకారం సంగతి

ఈ పరీక్షను తెలుగుపై కూడ చేయవచ్చును. తెలుగులో చకారం రెండు విధాలు. చిలుక, చెవి, చేయి మొదలైన మాటలలో అది తాలవ్యం. చలి, చాప, చుక్క, చొక్కా మొదలైన మాటలలో అది దంత్యం. దంత్యమైన దానిని పూర్వం ౘ అని వేరుగా గుర్తించేవారు. ఇ, ఈ, ఎ, ఏ అనే అచ్చులతో తాలవ్యం, మిగిలిన వాటితో దంత్యం రావడం దేశ్యపదాలలో సామాన్యసూత్రం. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే ఈ విభాగాన్ని చెప్పాడు. చిత్రమేమనగా, ఖల్ఖా మంగోలులో కూడ ఇంచుమించు ఇదే ఏర్పాటు ఉన్నది. అక్కడ ఇకారానికి ముందు చకారం నిలిచినది, ఇతరత్ర ౘకారమైనది. ఖల్ఖాలో చెవిని ‘చిఖ్’ అంటారు. చెవి, చిఖ్ రెండూ చకారంతో మొదలగుట కేవలం కాకతాళీయం. రెండు భాషలు ఒకే ధ్వని మార్పును విడివిడిగా చేసుకొన్నవి.

సూత్రం ప్రకారం తెలుగువారు కూడ మంగోలుల వలె ‘ౘాయ్’ అనవలసినది. కాని ఎవరూ అట్లా అనరు. తాలవ్య చకారంతోనే పలుకుతారు. ఉర్దూ నుండి చాలకాలం క్రిందట వచ్చిన ‘చాకు’ను మాత్రం తెలుగువారు ‘ౘాకు’ అనే పలుకుతారు. అది పాతకాపు గనుక ఇంటి మర్యాద నేర్చుకొన్నది. ఇటీవల వచ్చిన చాక్లెట్టు, చాన్సు, చార్జీ మొదలైనవి తాలవ్యంతోనే మిగిలినవి. చాయ్ ఈ రెండవ వరుసలో కూర్చున్నది. ఉర్దూ ప్రతిదినం ప్రక్కనే వినబడడం కూడ ఇందుకు తోడ్పడి ఉండవచ్చును. పత్రికలలో ‘ఛాయ్’, ‘ఛాన్సు’, ‘ఛార్జీ’ అని ఒత్తు చకారంతో వ్రాయడం చూస్తూ ఉంటాము. ఛకారానికి దంత్యోచ్చారణ లేదు. ఇది తాలవ్యమని చూపడానికి వ్రాతగాళ్ళు తెలిసో తెలియకో ఆ గుర్తును వాడుతున్నారు. పదాన్ని ఒత్తి పలకాలని దాని ఉద్దేశం కాదు.

హైదరాబాదుకు ఎప్పుడు వచ్చినది?

చాయ్ ఆలస్యంగా వచ్చిన మాట అని ధ్వనులు చెప్పిన సంగతిని చరిత్ర కూడ బలపరుస్తున్నది. 16వ శతాబ్ది ఆరంభం నుండి 1687 వరకు గోలకొండను ఏలిన కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడైన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాను నుండి వచ్చిన తుర్కుమాను. ‘కుల్’ అనగా తుర్కీలో దాసుడు. అసఫ్‌జాహీ వంశకర్తకు ‘చిన్ కిలిచ్ ఖాన్’ అనే బిరుదు ఉండేది. ‘కిలిచ్’ అనగా తుర్కీలో ఖడ్గం. ఇటువంటి పాలకుల వెంట, వారి సైన్యాల వెంట తుర్కీ, మంగోలు మాటలు పెక్కు దక్షిణాపథానికి వచ్చినవి. ‘ఉర్దూ’ అనేదే తుర్కీలో దండు విడిసిన చోటు. ‘బహదూర్’లో ఉన్న మాటే మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్ పేరు చివర ఉన్నది. చెంగిజ్ ఖాను కొలువులో భోజన వ్యవహారాలు చూచే ఉద్యోగి పేరు ‘బావుర్చి’. నేటి ‘బావర్చీ’ ఆ అనుబంధాన్ని చాటుతున్నది. ఖజాంచీలోని చివరి ‘చీ’ కూడ తుర్కీ ప్రత్యయమే. టర్కీలో చాయ్ అమ్మేవానిని ‘చాయ్‌జి’ అంటారు.

ఇవన్నీ కత్తితోను, కొలువుతోను వచ్చిన మాటలు. చాయ్ అట్లా రాలేదు. అది కప్పుతో వచ్చినది. 1823లో రాబర్ట్ బ్రూస్ అస్సాంలో తేయాకు మొక్కలను గుర్తించాడు. 1839లో అస్సాం ఆకు లండన్‌లో వేలానికి వచ్చినది. అయినను భారతీయులు పెద్దసంఖ్యలో దానిని త్రాగడం 20వ శతాబ్దపు విషయమే. 1903లో ఏర్పడిన తేయాకు సుంకపు చట్టం వలన ప్రచారానికి ధనం సమకూడినది. ఆ కాలంలోనే ఇరాన్ నుండి బొంబాయి, పూనాల మీదుగా వచ్చిన కుటుంబాలు హైదరాబాదులో హోటళ్ళు తెరిచినవి. ఆబిడ్స్‌లోని గ్రాండ్ హోటలు 1935 నాటిది. అప్పటికే ఈ నగరంలో పారశీకం క్రొత్త కాదు. 1880వ దశకంలో ఉర్దూకు స్థానమిచ్చే వరకు నిజాము కచేరీల భాష అదే. బషీర్‌బాగ్ కూడ 1887లో దివాను పదవి చేపట్టిన అస్మాన్‌జా, అనగా బషీరుద్దౌలా కట్టించిన భవనం వలన ఏర్పడిన పేరు. ‘బాగ్’ అనగా పారశీకంలో తోట. భవనం పోయినది, పేరు మిగిలినది.

ఇరానీ చాయ్ అనే పేరు ఉన్నను, ఇరాన్‌లో సాధారణంగా పాలు కలపరు. డికాక్షన్‌ను మూతపెట్టి నెమ్మదిగా కాచి, పాలను వేరొక పాత్రలో చిక్కగా మరగించి, కప్పులో రెండింటిని కలపడం ఇక్కడ స్థిరపడిన పద్ధతి. పాలు లేని దానికి ‘సులేమానీ’ అని వేరే పేరు. ఇరాన్‌లోని తేయాకు తోటలకు మూలమైన మొక్కలను భారతదేశంలో రాయబారిగా ఉన్న ఒక ఇరాన్ ప్రముఖుడు కాంగ్రా నుండి తీసుకొనిపోవడం మరొక విశేషం. మాట అక్కడినుండి ఇక్కడికి, మొక్క ఇక్కడినుండి అక్కడికి!

తే, టీ, తేనీరు

కోస్తా జిల్లాలలోని ‘టీ’ ఇంగ్లీషు ద్వారా వచ్చినది. ఇంగ్లీషువారికి అది డచ్చివారి వర్తకం వలన అమోయ్ మాట నుండి లభించినది. 18వ శతాబ్ది వరకు ఇంగ్లీషువారు కూడ దానిని ‘టే’ అని పలికేవారు. ‘టీ’ తరువాతి ఉచ్చారణ. కనుక తెలుగులోని టీ ఆ మార్పు జరిగిన తరువాత వచ్చినదే.

తేనీరు తేనెకు సంబంధించినది కాదని చెప్పడానికి తెలుగు వ్యాకరణమే సాక్ష్యం. తేనెనీరు తేనీరు అయినదంటే, ‘తేయాకు’ సంగతి ఏమిటి? ఆ ఆకులో తేనె లేదు. తే + ఆకు అని విడదీస్తే యడాగమం వచ్చి తేయాకు అవుతుంది. తే + నీరు తేనీరు అవుతుంది. ఒకే ‘తే’తో రెండు మాటలూ చక్కగా సాధించబడుతున్నవి. ఆ తే రూపం తమిళ, మలయా, డచ్చి భాషలలోని రూపంతో కలుస్తున్నది. ఎక్కువ విషయాలను తక్కువ ఊహలతో వివరించే సమాధానాన్నే శాస్త్రం అంగీకరిస్తుంది.

ఈ విషయం పాఠశాలలో ఆచరణకు కూడ సంబంధించినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత భిన్నప్రాంతాల తెలుగు ఒకే తరగతి గదిలో కలిసినది. వ్యాసంలో ‘చాయ్’ అని వ్రాసిన విద్యార్థి మాటను తప్పుగా కొట్టివేసి ‘టీ’ అని దిద్దిన సందర్భాలు లేకపోలేదు. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత దీనికి విరుద్ధమైన తొందరపాటు కూడ తగదు. చాయ్ పరభాష, టీ శుద్ధభాష అనడానికి గాని, టీ పరాయిది, చాయ్ మనది అనడానికి గాని ఆధారం లేదు. ఒక చీనా అక్షరానికి ఉన్న రెండు ఉచ్చారణలలో ఒకటి గుర్రాల బాటన, ఒకటి ఓడల బాటన బయలుదేరి తెలుగుదేశంలో మళ్ళీ కలుసుకొన్నవి.

ఉపాధ్యాయులు ఒక పరిశోధనను విద్యార్థులచేతనే చేయించవచ్చును. చకారంతో, జకారంతో మొదలయ్యే అన్యదేశ్య పదాలను ఇంటింటా సేకరించి, పెద్దలు దంత్యంగా పలికేవి ఒక వరుసలోను, తాలవ్యంగా పలికేవి మరొక వరుసలోను వ్రాయించాలి. ఏ వరుసలో పాతవి ఎక్కువ, ఏ వరుసలో క్రొత్తవి ఎక్కువ అనేది వారే గ్రహిస్తారు. ఈ ప్రయోగానికి కావలసిన పరికరం శ్రద్ధగా వినగల చెవి ఒక్కటే.